‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’లో మాటలు పెదాలకు ఎందుకు కుదరవు? ఏ భాషలో చూడాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. 1964 నాటి ఇటాలియన్ వెస్టర్న్ (గుర్రాలు, తుపాకుల కౌబాయ్ సినిమా) ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ మొన్ననే చూశారు. క్లింట్ ఈస్ట్‌వుడ్ మాటలు బాగానే కుదిరాయి గానీ చుట్టూ ఉన్నవాళ్ల పెదాలు ఒకటి అంటుంటే గొంతు ఇంకొకటి అంటోంది. మీరు చూసింది డబ్బింగ్ ప్రింటేమో, ఒరిజినల్ ఇటాలియన్‌లో చూస్తే సరిగ్గా ఉంటుందేమో అని మీ అనుమానం. పైగా ఇది ఒక జపాన్ సినిమాకు కాపీ అని ఎవరో చెప్పారు. మరి ఇంత పేరెందుకు వచ్చింది అన్నది రెండో సందేహం.

ముందు సూటిగా జవాబు చెబుతాను. ఈ సినిమాకు ‘ఒరిజినల్ భాష’ అంటూ లేదు. ఇంగ్లీషు ప్రింటూ డబ్బింగే, ఇటాలియన్ ప్రింటూ డబ్బింగే. మొదటిసారి ఇంగ్లీషులోనే చూడండి, ఎందుకంటే ఈస్ట్‌వుడ్ సొంత గొంతు అందులోనే ఉంది. రెండోసారి ఇటాలియన్ ట్రాక్ పెట్టుకోండి. కాపీ అన్న మాట నిజం, కోర్టు దాకా వెళ్లి డబ్బు కట్టిన నిజం. అయినా ఈ సినిమా నిలబడింది. ఎందుకు నిలబడిందో తెలియాలంటే కథ కంటే దాని శబ్దాన్ని పట్టించుకోవాలి.

నేను చెన్నైలోనూ తర్వాత హైదరాబాద్‌లోనూ డబ్బింగ్ థియేటర్లలో సౌండ్ పని చేస్తూ వచ్చినవాణ్ణి. పరభాషా సినిమాలను తెలుగులోకి తేవడమే నా వృత్తి. కాబట్టి మీకు తప్పుగా తోచిన చోటు నుంచే మొదలుపెడతాను, నాకు ఈ సినిమా మీద ప్రేమ పుట్టిందీ అక్కడే.

సెట్లో ఎవరెవరున్నారో చూడండి. నిర్మాణం ఇటలీ, స్పెయిన్, పశ్చిమ జర్మనీ కంపెనీలు కలిసి చేసుకున్నది. హీరో అమెరికన్. విలన్ రమోన్ రోహోగా వేసిన జాన్ మరియా వొలోంతే ఇటాలియన్. అతను బందీగా ఉంచుకున్న మరిసోల్ పాత్రధారిణి మారియానే కోహ్ జర్మన్. ఊళ్లోని రెండో ముఠా పెద్ద జాన్ బాక్స్‌టర్‌గా వేసిన వోల్ఫ్‌గాంగ్ లుక్‌షీ కూడా జర్మనే. బాక్స్‌టర్ భార్య కన్సువేలోగా మార్గరీటా లోసానో, సారాకొట్టు యజమాని సిల్వనీటోగా హోసే కాల్వో, ఇద్దరూ స్పెయిన్ వాళ్లు. శవపేటికలు చేసే ముసలాయన యోజెఫ్ ఎగ్గర్ ఆస్ట్రియా దేశస్థుడు. దర్శకుడు సెర్జియో లియోనేకు ఇంగ్లీషు రాదు, ఈస్ట్‌వుడ్‌కు ఇటాలియన్ రాదు. ఫైట్లు చేసే బెనీటో స్టెఫనెల్లి ఇద్దరి మధ్యా దుబాసీ పని చేశాడు. అలాంటి సెట్లో ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు చెప్పుకుంటూ పోవడమే పని జరిగే దారి. ఒకరు ఇంగ్లీషులో అడిగితే ఎదుటివాడు స్పానిష్‌లో బదులిస్తాడు. షాట్ ఓకే. మాటల సంగతి తర్వాత చూసుకుంటారు.

ఈ పద్ధతి లియోనే కనిపెట్టింది కాదు. ఇటలీలో అప్పటికే అది స్థిరపడిపోయిన పని. 1930లలో ముస్సోలినీ ప్రభుత్వం తెర మీద విదేశీ భాష వినపడకూడదని పట్టుబట్టడంతో అక్కడ డబ్బింగ్ పెద్ద పరిశ్రమగా ఎదిగింది. మంచి స్టూడియోలు వచ్చాయి, గొంతుతోనే బతికే గొప్ప నటులు తయారయ్యారు. యుద్ధం తర్వాత తమ సొంత సినిమాలకు కూడా అదే మేలనిపించింది. సెట్లో శబ్దం పట్టాలంటే చప్పుడు చేయని కెమెరా కావాలి, ఊరంతా నిశ్శబ్దంగా ఉండాలి, గాలి వీచకూడదు. గాలి, దుమ్ము, గుర్రాలు ఉండే స్పెయిన్ ఎండు నేలలో అది చాలా ఖర్చుతో కూడిన కోరిక. ఈ సినిమా బడ్జెట్టు దాదాపు 2 లక్షల డాలర్లు. అందులో ఈస్ట్‌వుడ్‌కు ఇచ్చింది 15,000.

మన దగ్గరా ఇదే కదండీ. షూటింగ్ స్పాట్‌లో పైలట్ ట్రాక్ (గుర్తు కోసం పట్టే మాటల రికార్డింగు) పట్టుకుని, తర్వాత థియేటర్లో నటుడి చేతో ఇంకొకరి చేతో చెప్పించడం దశాబ్దాలుగా చూస్తున్నాం. రీలు ముక్కను లూపుగా అతికించి, అదే ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతుంటే పెదాలు చూస్తూ చెప్పేవాళ్లు. నేను పని నేర్చుకున్నది అలా చెప్పించిన పెద్దల దగ్గరే. కాబట్టి తెలుగు ప్రేక్షకుడికి ఈ సినిమా తీరు కొత్తగా అనిపించక్కర్లేదు. మనకు అలవాటైన పనే, ఇక్కడ నాలుగు భాషల మధ్య జరిగింది, అంతే తేడా.

పెదాలు ఎక్కడ దొరికిపోతాయో చెబుతాను. ప, బ, మ. ఈ అక్షరాల దగ్గర పెదాలు మూసుకోవాలి, తప్పదు. డబ్బింగ్ మాటలు రాసేవాడు మొదట వెతికేది అవే. నటుడి నోరు మూసుకున్నచోట కొత్త భాషలోనూ మూసుకునే అక్షరం పడితే మిగతాది కాస్త అటూఇటూ అయినా ప్రేక్షకుడు క్షమిస్తాడు. ఇప్పుడు మీరు చూసిన సన్నివేశంలో ముగ్గురి నోళ్లు మూడు భాషల్లో కదులుతున్నాయి. ఒక్క భాషకు ముగ్గుర్నీ కుదర్చడం ఎంత సమర్థుడైన రచయితకైనా అసాధ్యం. ఇటాలియన్ ట్రాక్ పెట్టినా ఈస్ట్‌వుడ్ నోరు ఇంగ్లీషే పలుకుతుంది. జర్మన్ ట్రాక్ పెడితే ఇద్దరు ముగ్గురు బాగా కుదురుతారు, మిగతావాళ్లు జారిపోతారు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచే విషయం: ఇటాలియన్ ప్రింటులో ఇటాలియన్ నటుడు వొలోంతే గొంతు కూడా ఆయనది కాదు. నాందో గద్జోలో అనే మరో నటుడు చెప్పాడు. ఈస్ట్‌వుడ్‌కు ఎన్రికో మరియా సలెర్నో చెప్పాడు. సలెర్నో నాటకరంగం నుంచి వచ్చిన గట్టి నటుడు. లియోనే, ఈస్ట్‌వుడ్ కలిసి తర్వాత చేసిన రెండు సినిమాల్లోనూ (మూడింటినీ కలిపి డాలర్ల సినిమాలంటారు) ఈస్ట్‌వుడ్‌కు ఆయనే గొంతు. ఇటలీ జనం ఈస్ట్‌వుడ్‌ను ఆ గొంతుతోనే గుర్తుపట్టారు. కమల్ హాసన్ తమిళ సినిమాలు తెలుగులో వచ్చినప్పుడు బాలసుబ్రహ్మణ్యం గారి గొంతు మనకు కమల్ గొంతే అయిపోలేదా? రాజశేఖర్ గారికి సాయికుమార్ గారు చెప్పిన మాటలు విని, అది వేరే మనిషి గొంతు అని ఎంతమంది అనుకున్నారు? అలాంటిదే ఇదీ.

అందుకని రెండు ట్రాకుల్లో ఇద్దరు వేర్వేరు మనుషులు కనిపిస్తారు. ఇంగ్లీషులో ఈస్ట్‌వుడ్ గొంతు పలుచగా, పొడిగా, దాదాపు గుసగుసలా ఉంటుంది. ఆ మనిషి మనసులో ఏముందో బయటపడదు. సలెర్నో గొంతు లోతైనది, బరువైనది. ఆ గొంతుతో అదే మనిషి నాలుగైదేళ్లు పెద్దవాడిలా, ఎక్కువ చావులు చూసినవాడిలా అనిపిస్తాడు. నా మొగ్గు ఇంగ్లీషు వైపే. ఇటాలియన్‌లో మిగతా పాత్రలు మాత్రం బాగా మెరుగు. రోహో సోదరులు, సిల్వనీటో, గంట కొట్టే మనిషి, వీళ్లంతా ఇంగ్లీషులో ఒకే మూసలో పలికినట్టుంటారు, ఇటాలియన్‌లో ఎవరి యాస, ఎవరి నవ్వు వాళ్లది.

ఇక ఈస్ట్‌వుడ్ మాటలు ‘బాగా కుదిరాయి’ అన్నారు కదా, దానికి కారణం ఆయన గొంతు ఆయనదే కావడం ఒక్కటే కాదు. స్క్రిప్టులో ఆ పాత్ర తన గతం చెప్పుకునే మాటలు చాలా ఉండేవని, వాటిని కొట్టేయించానని ఈస్ట్‌వుడ్ ఇంటర్వ్యూల్లో చెప్పాడు. టీవీలో ‘రాహైడ్’ సీరియల్లో మంచి కుర్రాడిగా వేసీ వేసీ విసిగిన మనిషి, ఇక్కడ ఎంత తక్కువ చెబితే అంత బలం అని పట్టుకున్నాడు. చెప్పే నాలుగు మాటలూ చుట్ట పళ్ల మధ్య పెట్టుకుని, పెదాలు సరిగ్గా విప్పకుండా చెబుతాడు. ఆయనకు పొగతాగే అలవాటే లేదు. డబ్బింగ్ మనిషిగా నేను ఆ నోటిని చూస్తే నాకు పండగే. ఏ భాష పెట్టినా పట్టేస్తుంది! కావాలని అలా చేశారని నేను అనడం లేదు. ఫలితం మాత్రం అది: ప్రపంచంలో ఏ దేశానికైనా సులువుగా వెళ్లగలిగిన హీరో.

దీనికి పూర్తి విరుద్ధమైన కేసు నా దగ్గర ఒకటుంది. పేరు చెప్పను. ఒక పరభాషా యాక్షన్ సినిమా తెలుగులోకి చేస్తున్నాం. హీరో చాలాసేపు మౌనంగా ఉండే సన్నివేశం. నిర్మాతకు భయం, జనం విసుగుపడతారేమోనని. హీరో వీపు కనిపించే షాట్లన్నిట్లో మాటలు నింపమన్నారు. నోరు కనపడదు కదా, ఏం చెప్పించినా చెల్లుతుంది. మా పనిలో అది ఎప్పుడూ చేతికందే సౌకర్యం. నింపాం. అయిపోయాక చూసుకుంటే ఆ మనిషి మీద ఉన్న భయం పోయింది, వాగుడుకాయ అయ్యాడు. ఆ తర్వాత నేను శిక్షణ ఇచ్చే ప్రతి బ్యాచ్‌కీ ఈ ఇటాలియన్ సినిమా చూపిస్తూ వస్తున్నాను. ఇక్కడ ప్రతి మాటా తర్వాత చేర్చిందే, అంటే ఎన్ని కావాలంటే అన్ని చేర్చుకునే అవకాశం వాళ్లకూ ఉంది. అయినా మౌనాన్ని ముట్టుకోలేదు.

సెట్లో శబ్దం పట్టని సినిమాలో వినపడే ప్రతి చప్పుడూ ఎవరో ఒకరు కావాలని పెట్టిందే. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుని మళ్లీ చూడండి. గాలి ఎక్కడ వీస్తుంది, ఎక్కడ ఆగుతుంది? అడుగుల చప్పుడు ఎవరికి ఉంది, ఎవరికి లేదు? గుర్రాలు అంత దూరంలో ఉంటే డెక్కల చప్పుడు ఎందుకంత దగ్గరగా ఉంది? చర్చి గంట ఎప్పుడెప్పుడు మోగుతుంది? నిజమైన వీధిలో ఉండాల్సిన గోల ఏదీ శాన్ మిగెల్ ఊళ్లో ఉండదు. పిల్లలు, కోళ్లు, బజారు, ఏమీ లేవు. ఉన్నది ఒకే పిల్లాడు, వాణ్ణీ కాళ్ల దగ్గర తుపాకీ పేల్చి తరుముతారు. శవాలూ విధవలూ మాత్రమే మిగిలిన ఊరు అని మాటల్లో చెప్పేకంటే ముందే మన చెవికి తెలిసిపోతుంది. డబ్బు లేక నిర్మానుష్యంగా ఉన్న సెట్టును శబ్దంతో శ్మశానంగా మార్చారు.

మొదటి కాల్పుల సన్నివేశం తీసుకోండి. హీరో తన కంచరగాడిదను బెదరగొట్టినందుకు బాక్స్‌టర్ మనుషుల దగ్గరికి బయల్దేరతాడు. దారిలో శవపేటికల ముసలాయనతో మూడు సిద్ధం చేయమంటాడు. వెళ్లి, మీరు నవ్వారు, నా గాడిద నొచ్చుకుంది, క్షమాపణ చెప్పండి అంటాడు. వాళ్లు పగలబడి నవ్వుతారు. గొంతు పెంచడు. ఒంటి మీది పాంచో (మెక్సికన్ దుప్పటి) కొంగు వెనక్కి వేసుకుని తల ఎత్తుతాడు, కళ్లు కనిపిస్తాయి. నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోతాయి. ఆ ఆరిపోవడమే సన్నివేశం, తుపాకులు పేలడం దాని తర్వాతి లెక్క మాత్రమే. తిరిగి వస్తూ ముసలాయనతో లెక్క సరిచేస్తాడు, మూడు కాదు నాలుగు అని. క్లాసులో ఈ ముక్కను మొదట బొమ్మ లేకుండా వినిపిస్తాను. బొమ్మ చూడకుండానే ఎక్కడ తుపాకీ బయటికొస్తుందో పిల్లలు సరిగ్గా చెప్పేస్తారు.

చివరి పోరాటం కూడా అలా వినదగ్గదే. డైనమైటు పేలుడు, దుమ్ము, ఆ దుమ్ములోంచి ఒక ఆకారం, బాకా. రమోన్ రైఫిల్‌తో గుండెకే గురిపెట్టి కొడతాడు, మనిషి పడతాడు, లేస్తాడు, మళ్లీ నడుస్తాడు. కొంగు కింద ఇనుప రేకు ఉందని మనకు తర్వాత తెలుస్తుంది. మిగిలినవాళ్లు కూలాక ఇద్దరి తుపాకులూ ఖాళీగా నేల మీద ఉంటాయి, ఎవరు ముందు గుండు నింపితే వాడిది గెలుపు. అక్కడ వినాల్సింది పెద్ద పేలుళ్లు కాదు. గుండు లోపలికి జారడం, చక్రం తిరగడం, మీట పడటం. ఆ చిన్న చప్పుళ్లకు అంత చోటివ్వడం లియోనే తర్వాతి సినిమాలన్నిట్లో పెరిగి పెద్దదైంది, విత్తనం మాత్రం ఇక్కడుంది.

సంగీతం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. సంగీత దర్శకుడు ఎన్నియో మొరికోనే, లియోనే చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్నారు. సినిమా కోసం కలిసినప్పుడే అది బయటపడింది. సినిమా మొదట్లో వినిపించే ఈలపాట వెనుక చరిత్ర ఉంది. అమెరికన్ గాయకుడు పీటర్ టెవిస్ ఇటలీలో అమెరికన్ జానపద గాయకుడు వుడీ గత్రీ పాట ఒకటి రికార్డు చేశాడు, దానికి వాద్యాల అమరిక మొరికోనేది. కొరడా దెబ్బలు, గంటలు, అన్నీ అందులోనే ఉన్నాయి. లియోనేకు పాట కంటే వెనకాల ఉన్న ఆ అమరిక నచ్చింది. దాని మీద ఆలెస్సాండ్రో ఆలెస్సాండ్రోని ఈల, ఎలక్ట్రిక్ గిటారు వచ్చి కూర్చున్నాయి. బృందగానం కూడా ఆయన ఏర్పరచిన గాయక బృందానిదే. హాలీవుడ్ వెస్టర్న్‌లలో పెద్ద ఆర్కెస్ట్రా ఉండేది, దానికి ఇక్కడ డబ్బులేదు. ఈల, గిటారు, కొరడా, గంట. నాకు ఇవన్నీ సంగీతానికీ ఎఫెక్ట్స్‌కూ మధ్య గోడ పడగొట్టిన పనిగా కనిపిస్తాయి. మా మిక్సింగ్‌లో మాటలు, ఎఫెక్ట్స్ (చప్పుళ్లు), ఆర్.ఆర్. (నేపథ్య సంగీతం) అని మూడు దారులు విడివిడిగా ఉంటాయి. ఈ సినిమాలో కొరడా ఏ దారిలోది?

బాకా సంగతి వేరు. ఒక పాత హాలీవుడ్ వెస్టర్న్‌లోని బాణీని చివరి పోరాటానికి వాడదామని లియోనే అడిగాడు. మొరికోనే ఒప్పుకోలేదు, ఇతరుల బాణీ పెట్టేట్టయితే నేను చేయనన్నాడు. అంతకుముందు టీవీ నాటకాల కోసం తాను రాసుకున్న ఒక జోలపాటను తీసి, బాకా మీద మెక్సికన్ ఛాయతో వాయింపించాడు. నిద్రపుచ్చే పాట చంపే పాటయింది. అది విన్నప్పుడు గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఎందుకుంటుందో నాకు ఆ సంగతి తెలిశాకే అర్థమైంది.

బొమ్మ గురించి ఒక్క మాట, శబ్దంతో దానికి సంబంధం ఉంది కాబట్టి. ఇది టెక్నిస్కోప్‌లో తీసిన సినిమా. మామూలు 35 ఎం.ఎం. ఫిల్ములో ఒక ఫ్రేముకు నాలుగు రంధ్రాలంత ఎత్తు పడుతుంది, ఇందులో రెండే. అంటే ఫిల్ము ఖర్చు సగం. మామూలు కటకాలతోనే వెడల్పాటి తెర వస్తుంది, ముఖాలకు చాలా దగ్గరగా వెళ్లొచ్చు. పొదుపు కోసం ఎంచుకున్న పద్ధతి లియోనే చేతిలో శైలి అయింది. వెడల్పాటి తెర నిండా ఒక ముఖం. మీకు పెదాలు కుదరకపోవడం అంత కొట్టొచ్చినట్టు కనిపించడానికి ఇదీ ఒక కారణం, అంత పెద్ద నోరు అంత దగ్గర నుంచి చూస్తున్నాం మరి.

ఇప్పుడు కాపీ సంగతి. అకిరా కురొసావా 1961లో తీసిన ‘యోజింబో’ చూసి లియోనే ఈ సినిమా తీశాడు. ఒక ఊరు, రెండు ముఠాలు, ఇద్దరికీ పనిచేస్తున్నట్టు నటించి ఇద్దర్నీ తుదముట్టించే ఒంటరి మనిషి. చివరికి చావుదెబ్బలు తిని దాక్కోవడం, కోలుకుని తిరిగి రావడం దాకా వరస అదే. హక్కులు తీసుకోలేదు. కురొసావా వైపు నుంచి దావా పడింది. ఇది చాలా మంచి సినిమా, కానీ నా సినిమా అని ఆయన లియోనేకు ఉత్తరం రాశారని చెబుతారు. చివరికి ప్రపంచవ్యాప్త వసూళ్లలో 15 శాతం, జపాన్ వంటి తూర్పు దేశాల్లో పంపిణీ హక్కులు ఇచ్చి రాజీ పడ్డారు. ఈ గొడవ వల్లే 1964లో ఇటలీలో విడుదలైన సినిమా అమెరికాకు 1967 జనవరిలో గానీ రాలేదు. లియోనే వైపు వాదన ఏమంటే, కథ ఇంకా పాతది, 18వ శతాబ్దంలో గోల్దోనీ రాసిన ఇటాలియన్ నాటకంలోనే ఒక సేవకుడు ఇద్దరు యజమానులకు పని చేస్తాడు అని. నాకు ఆ వాదన నిలబడేదిగా కనపడదు. సన్నివేశాల వరసే ఒకటైనప్పుడు మూలం ఇంకెక్కడో ఉందంటే ఎలా? కురొసావాకు రావాల్సింది వచ్చింది, అది న్యాయం.

అయితే ఏం మారిందో కూడా చెప్పాలి. కురొసావా హీరో తోషిరో మిఫూనే ఒళ్లంతా కదులుతాడు, భుజాలు ఎగరేస్తాడు, గోక్కుంటాడు, ఆ ఊరి వెర్రితనం చూసి ఆనందిస్తాడు. లియోనే హీరో కదలడు. అక్కడ నవ్వు పాలు ఎక్కువ, ఇక్కడ ఒక రకమైన పూజ లాంటి మెల్లదనం. రెండూ వెంట వెంటనే చూడండి, ఒకే కథ రెండు చెవులతో వింటే ఎలా ఉంటుందో తెలుస్తుంది. యోజింబో నా దృష్టిలో మెరుగైన కథనం. ఫిస్ట్‌ఫుల్ ప్రభావం ఎక్కువ. దాని తర్వాత ఇటలీలో వందల వెస్టర్న్‌లు వచ్చాయి.

పేర్ల ముసుగు కూడా గమనించండి. పాత టైటిల్స్‌లో దర్శకుడు బాబ్ రాబర్ట్‌సన్ అని ఉంటుంది. లియోనే నాన్నగారు మూకీల కాలంలో రొబెర్తో రొబెర్తీ పేరుతో సినిమాలు తీశారు, ఆ రాబర్ట్ కొడుకు అన్నమాట. మొరికోనే పేరు డాన్ సావియో, వొలోంతే పేరు జాన్ వెల్స్. ఇటాలియన్లు తీసిన వెస్టర్న్ అంటే ఇటలీలోనే ఎవరూ చూడరని నిర్మాతల భయం. ఇక హీరోను ‘పేరులేని మనిషి’ అనడం అమెరికాలో విడుదల చేసిన యునైటెడ్ ఆర్టిస్ట్స్ వాళ్ల ప్రచారం. సినిమాలో శవపేటికల ముసలాయన అతన్ని జో అని పిలుస్తూనే ఉంటాడు.

మీకు దొరికే ప్రింటులో మొదట ఒక జైలు అధికారి హీరోకు క్షమాభిక్ష ఆశ చూపి శాన్ మిగెల్‌కు పంపే ముక్క ఉంటే, దాన్ని దాటేయండి. అది 1970ల నడుమ అమెరికన్ టీవీ కోసం వేరేవాళ్లు తీసి అతికించింది. హంతకుడికి ఒక మంచి కారణం కావాలని టీవీ వాళ్లకు అనిపించింది. హీరో ఎందుకొచ్చాడో తెలియకపోవడమే ఈ కథకు ప్రాణం. మరిసోల్ కుటుంబాన్ని తప్పించి పంపేటప్పుడు, ఎందుకిదంతా చేస్తున్నావని ఆమె అడిగితే, నీలాంటి ఒకామె నాకు తెలుసు, అప్పుడు ఆమెకు సాయం చేసేవాళ్లు లేకపోయారు అని ఒక్క ముక్క అంటాడు. సినిమా మొత్తంలో అతని గతం అంతే. ముందు అధికారి పంపినట్టు చూపిస్తే ఆ ఒక్క ముక్కా చచ్చిపోతుంది.

తెలుగుతో నిజమైన లంకె ఒకటుంది, అడగకపోయినా చెబుతాను. ఈ డాలర్ల సినిమాల ఊపు చూసి పద్మాలయా వాళ్లు 1971లో కృష్ణ గారితో ‘మోసగాళ్లకు మోసగాడు’ తీశారు. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, రచన ఆరుద్ర, ఛాయాగ్రహణం వి.ఎస్.ఆర్. స్వామి, సంగీతం ఆదినారాయణరావు. రాజస్థాన్ ఎడారికి వెళ్లి తీశారు. ఆరుద్ర గారు చేసిన తెలివైన పని, కథను బ్రిటిష్ కాలంలో, తెలుగు సంస్థానం నిధి చుట్టూ పెట్టడం. దాంతో గుర్రాలు, తుపాకులు మన నేల మీద నమ్మదగ్గవయ్యాయి. నాగభూషణం గారి నక్కజిత్తుల నాగన్నలో మాత్రం మన నాటకాల వాసన బాగా ఉంటుంది, మాటలు ధారగా వస్తాయి. ఇటలీ హీరో మాట మింగుతాడు, మన సినిమాకు మాటే బలం. దాన్ని తక్కువగా చూడను, మన ప్రేక్షకుడు మాటకు చప్పట్లు కొట్టేవాడు.

ఇక ఆచరణలోకి వద్దాం. 2014లో ఇటలీలోని బొలోనా సినిమా భాండాగారం బాగుచేసిన ప్రింటు నుంచి వచ్చిన డిస్కు గానీ స్ట్రీమింగ్ కాపీ గానీ వెతకండి. ఆ ఏడాది కాన్స్ ఉత్సవం ముగింపు రోజున చూపించింది ఇదే. సౌండ్ ఎంపికలో మోనో (శబ్దమంతా ఒకే దారిలో వచ్చేది) ఉంటే మోనోనే పెట్టండి. సినిమా పుట్టింది మోనోలో, 5.1 (చుట్టూ స్పీకర్లకు పంచే పద్ధతి) తర్వాతి కాలం వాళ్లు చేసుకున్నది. చుట్టూ స్పీకర్లలో పంచిపెట్టేసరికి ఆ ఈల, ఆ గాలి విడివిడిగా పలుచబడతాయి. ఒకే గొట్టంలోంచి వచ్చినట్టు ముఖం మీదికి రావాలి అవి. ఫోను స్పీకరులో వద్దు, కనీసం హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

ఇటాలియన్ ట్రాక్‌తో చూసేటప్పుడు సబ్‌టైటిల్స్ ఒకసారి సరిచూసుకోండి. చాలా కాపీల్లో ఇంగ్లీషు డబ్బింగ్ మాటలనే కింద వేసేస్తారు, ఇటాలియన్‌లో అన్నదానికీ రాసినదానికీ పొంతన ఉండదు. మనుషులు మాట్లాడుతున్నా కింద ఏమీ పడకపోయినా, మౌనంగా ఉన్నచోట వాక్యం పడినా అదే కారణం. అలాంటి కాపీ అయితే ఇటాలియన్ కోసం శ్రమపడకండి, ఇంగ్లీషే చాలు.

మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే రెండో సగంలో హీరోను కొట్టే సన్నివేశాలు, బాక్స్‌టర్ ఇల్లు తగలబెట్టి బయటికొచ్చినవాళ్లను కాల్చే సన్నివేశం వాళ్ల ముందు పెట్టకండి. రోహోల నవ్వులు ఆ మంటల మీద చాలాసేపు వినిపిస్తాయి, పెద్దవాళ్లకే కష్టంగా ఉంటుంది. మిగతా రెండు డాలర్ల సినిమాలూ ఇదే వరసలో, 1965 నాటి ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’ తర్వాత 1966 నాటి ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ చూడండి. వాటికీ ఇంగ్లీషు ట్రాకే నా సలహా. మూడో దాంట్లో మీ ఇబ్బంది ఇంకా ఎక్కువగా ఉంటుంది, అక్కడ మాట్లాడే మనుషులు ఎక్కువ. చూశాక ఫలానా సన్నివేశం కుదరలేదనిపిస్తే నిమిషంతో సహా ఇక్కడే అడగండి, ఎవరి నోరు ఏ భాషలో కదులుతోందో చూసి చెబుతాను.